వెన్న తీసిన పేరు

ఫాంగసీనాలో ఎవరింట్లో మనిషి పోయినా ముందు పెలెనాతో ఇంటికి పరుగెత్తుకొచ్చేవాళ్లు. పాదిరిగారికి కబురు ఆ తర్వాతే. "పెలెనాతో, కోకో!" అని ముంగిట్లోంచే ఒక కేక. పోయిందెవరని ఆయన అడిగేవాడు కాదు. వంటపాకలో దూలానికి కట్టిన కోకో గింజల బుట్ట దించి, భార్య అపెరిలా చేతికి అగ్గిపెట్టె ఇచ్చి, రోలు కడిగేవాడు. ఆవిడ పొయ్యి రాజేసేలోపు పోయినవాళ్లెవరో ఎలాగూ తెలిసిపోయేది.

ఆయనకి బిరుదు లేదు. ఈడువాళ్లంతా ఏదో ఒక కుటుంబానికి పెద్దలై, ఊరి సభలో స్తంభాలకి వీపులు ఆనించి కూర్చుని మాట్లాడేవాళ్లు. పెలెనాతో యాభై దాటినా వెనకాల పొగలోనే ఉండిపోయాడు. పందిని కాల్చడం, సీమపనస చెక్కు తీయడం, పెద్దలకి వడ్డించి మిగిలింది తినడం. దానికాయన ఏనాడూ బాధపడలేదు. తనకంటూ ఒక చోటుంది. చావింట్లో, పెళ్లింట్లో, ఆదివారం పూజ అయ్యాక భోజనాల దగ్గర, ఆయన కోకో రాందే ఎవరూ లేచేవాళ్లు కారు.

తోట తండ్రిది. పెద్ద తుఫాను ఆ తీరమంతా కోకో చెట్లని నేలమట్టం చేసినప్పుడు తక్కినవాళ్లు వాటిని నరికి చేమ వేసుకున్నారు. తండ్రి మాత్రం పడిపోయిన చెట్లని ఒక్కొక్కటే లేపి, కొబ్బరి దుంగలు ఊతంపెట్టి, పిల్లల్ని నిలబెట్టినట్టు నిలబెట్టాడు. ఆ వంకర చెట్లే మళ్లీ కాశాయి. గింజలు చిన్నవి, లోపల లేతరంగు, చేదు తక్కువ.

గింజ ఎవరైనా వేయిస్తారు. అసలు పని దంపుడులో ఉంది. పొడి కాగానే కొందరు ఆపేస్తారు. కాస్త ఓపికున్నవాళ్లు ముద్దయ్యేదాకా దంచుతారు. పెలెనాతో అక్కడా ఆపేవాడు కాదు. చెమట కళ్లలోకి కారుతున్నా దంచేవాడు. ఉన్నట్టుండి రోకలి చప్పుడు మారేది. గట్టిగా ఉన్న ముద్ద వదులై, నల్లగా నిగనిగలాడుతూ రోకలికి అంటుకుని సాగేది. గింజ లోపలి వెన్న బయటికొచ్చిందన్నమాట. అప్పుడు ఆపేవాడు. నీళ్లలో వేసి మరిగించి పంచదార పోస్తే, కప్పు పైన పసుపుపచ్చ చుక్కలు తేలేవి. నోట్లో పోసుకుంటే నాలిక మీద ఎక్కడా గరుకు తగిలేది కాదు. జారిపోయేది.

"పోయినవాళ్ల సంగతి దేవుడు చూసుకుంటాడు, నేనొచ్చింది కోకోకి" అనేది ముసలి లోసా, శవం పక్కనే కూర్చుని. ఊళ్లో ఏ చావుకైనా ముందు వరసలో ఉండేది ఆవిడే. తాగాక కప్పు అంచున మిగిలిన జిడ్డుని వేలితో తుడిచి, పగిలిన పెదాలకి రాసుకునేది. "ఒరే పెలెనాతో, నీకు పిల్లలు లేకపోతేనేంరా, ఈ చెయ్యి ఎవరికైనా ఇచ్చిపోరా" అనేది. ఆయన తల వంచుకుని నవ్వేవాడు.

పిల్లలు లేరు. ఒక ఆడపిల్ల పుట్టి, నడక రాకముందే పోయింది. తర్వాత లేరు.

ఆయన అక్క వలేలియా పక్క దీవిలో, రాజధాని ఆపియాలో ఉండేది. భర్త పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. పడవ దిగి అక్క ఊళ్లోకి వచ్చిందంటే పెలెనాతో కూర్చున్నవాడు లేచేవాడు. ఆవిడ తింటుంటే దూరంగా నిలబడేవాడు. ఆవిడ ముందు నోటివెంట ముతక మాట రానిచ్చేవాడు కాదు. అక్కాతమ్ముళ్ల మధ్య అది ఆ దీవుల్లో మామూలే గాని, పెలెనాతో భయం మామూలుది కాదు. దానికి కారణముంది. ఆయన చిన్నప్పుడు తండ్రి, తన అక్క కొడుకుని ఒక పంది విషయంలో పదిమందిలో తిట్టాడు. ఆ మేనల్లుడు ఏడుస్తూ, "నీ ఇంట్లో వెలుగు ఆరిపోవాలి మామయ్యా" అని వెళ్లిపోయాడు. ఆ మరుసటేడే పెలెనాతో అన్న చేపల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. తండ్రి బతికున్నన్నాళ్లూ సముద్రం వైపు తిరిగి కూర్చోలేదు. కూతురు పోయిన రోజున పెలెనాతోకి ముందుగా గుర్తొచ్చింది ఆ మాటే.

అందుకే వలేలియా కొడుకు ఎనోసాని, వాడి పసితనంలో కూడా ఆయన ఒరేయ్ అని పిలవలేదు. "బాబూ" అనే పిలిచేవాడు.

ఎనోసా ఆక్లండులో ఏవేవో పనులు చేసి తిరిగొచ్చి, ఆపియాలో తల్లి ఇంటి వెనక ఒక కార్ఖానా పెట్టాడు. ఇండియా నుంచి తెప్పించిన రాళ్ల రుబ్బుడు మిషన్లు, నూనె పిండే యంత్రం, ఏసీ గది. అన్నీ కుదిరాక తల్లిని తీసుకుని ఫాంగసీనా వచ్చాడు. మనిషి కలుపుగోలు. వస్తూ అపెరిలాకి గొడుగు, మామయ్యకి చొక్కా తెచ్చాడు.

"మామయ్యా, నీ గింజలన్నీ నాకే కావాలి. ఇంకెవరికీ వద్దు. నీ పేరు పెడతా, నీ బొమ్మ వేస్తా" అన్నాడు.

"నా బొమ్మెందుకు బాబూ? ఎవరైనా అందగాణ్ణి చూసుకో."

"అందగాళ్ల కోకో ఎవడు తాగుతాడు మామయ్యా? పొగలో మగ్గిన మొహం కావాలి."

అందరూ నవ్వారు. పెలెనాతో అక్కవైపు చూశాడు. వలేలియా చాప మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"ఇవ్వు తమ్ముడూ. నీ మొహంలో నాన్న ఉన్నాడు. ఆయన మొహం నలుగురూ చూడనీ" అంది.

ఆవిడ అడిగాక ఇక ఆలోచించడానికేముంది?

ఆ ఏడు ఆయన బతుకులో మంచి ఏడు. ఎనోసా చెప్పినట్టు గింజల్ని అరిటాకుల కింద పులియబెట్టడం నేర్చుకున్నాడు. మొదటి చాక్లెట్ తయారయ్యాక ఎనోసా స్వయంగా తెచ్చి చేతిలో పెట్టాడు. కాగితం మీద పెలెనాతో బొమ్మ, రోకలి పట్టుకుని. లోపల పలక అద్దంలా మెరుస్తోంది. విరిస్తే టప్పున విరిగింది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమలబోతే, "నమలకు మామయ్యా, ఊరికే ఉండనీ" అన్నాడు ఎనోసా. అది నాలిక వేడికే మెల్లగా కరిగి, గొంతులోకి జారి, పోయాక కూడా చాలాసేపు అక్కడే ఉంది.

"ఇది మా చెట్టుదేనా?" అన్నాడు పెలెనాతో. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీ చెట్టుదే. గింజలో వెన్న గింజలోనే ఉంచా, పైన మరికాస్త వేశా. చాక్లెట్‌కి ప్రాణం అదే మామయ్యా. మనిషి ఒంటి వేడికి కరిగేది అదొక్కటే. దాని బదులు ఏది వేసినా నోరు కనిపెట్టేస్తుంది."

ఆ మాట ఎనోసానే అన్నాడు. పెలెనాతో ఆ తర్వాత ఎన్నోసార్లు దాన్ని తలుచుకున్నాడు.

ఆదివారం గుడి బయట ఆడవాళ్లు ఆయన్ని ఆటపట్టించారు. "పెలెనాతో, నిన్న బజార్లో నిన్ను కొనుక్కున్నా, ఇంటికి తీసుకెళ్లేసరికి మెత్తబడ్డావు." అపెరిలా చెయ్యి నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. బిరుదులున్న పెద్దలు కూడా పిలిచి పక్కన కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదుగాని ఇంటికెళ్లేదాకా నడకలో ఒక ఊపు ఉంది.

తర్వాత ఏం జరిగిందో ఆయనకి చాన్నాళ్లు తెలియదు. ఆక్లండులో ముఖానికి రాసుకునే క్రీములు చేసేవాళ్లు ఎనోసా దగ్గర వెన్న చూశారు. ఎంత ఉంటే అంత పంపమన్నారు. చాక్లెట్ అమ్ముకునేకంటే అది తేలిక. ఎనోసా గింజల్ని పిండటం మొదలుపెట్టాడు. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం, ఆఖరికి యంత్రం పిండగలిగినంతా. వెన్న డబ్బాల్లో ఓడెక్కింది. మిగిలిన పిప్పిని పొడిచేసి, కొబ్బరినూనె కలిపి, చాక్లెట్ అచ్చుల్లో కొంత, కోకో పొట్లాల్లో కొంత పోశాడు. పైన మాత్రం పెలెనాతో బొమ్మ. చేతిలో అదే రోకలి.

ఆ వానాకాలంలో ఉపదేశి తోమాసి భార్య పోయింది. కబురు తెచ్చినవాడు మామూలుగా కేకేశాడు. పెలెనాతో బుట్ట దించాడు. ఖాళీ. గింజలన్నీ మొన్నే ఎనోసా లారీలో వెళ్లిపోయాయి.

"కంగారుపడకు. తోమాసి నీ పొట్లాలే తెప్పించాడు, పడవ రేవు దగ్గర కొట్లోంచి. నువ్వొచ్చి కాచు చాలు" అన్నాడు వచ్చినవాడు.

చావింటి వెనక పెద్ద గుండిగ పొయ్యిమీద ఉంది. పెలెనాతో మొదటి పొట్లం విప్పాడు. విప్పగానే చెయ్యి ఆగిపోయింది. వాసన తేడాగా ఉంది. కోకో వాసనకి వెనక ఇంకేదో, బట్టలుతికే సబ్బులాంటిది. రెండోది విప్పాడు, అదే. ముద్ద వేళ్లకి అంటుకుని కారుతోంది. గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాడు. పైన ఒక పొర కట్టినట్టయింది, కింద ఇసక.

"ఏమైందయ్యా?" అంది అపెరిలా.

ఆయన పొట్లం ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "ఇది మనది కాదని చెప్పెయ్యి. ఇప్పుడే వెళ్లి తోమాసితో చెప్పు" అంది.

"ఎవరిదని చెప్పను?"

"చేసినవాడిదని చెప్పు!"

"మెల్లగా మాట్లాడు. అది అక్క కొడుకు."

లోపల పాటలు ఆగాయి. కానుకగా తెచ్చిన సన్నచాపలు పరచడం అయిపోయింది. కోకో ఏదని అడుగుతున్నారు. వేరే దారి లేక ముద్దల్ని మరుగుతున్న నీళ్లలో వేశాడు. తిప్పాడు, ఇంకా తిప్పాడు. మడ్డి అడుక్కి పోయింది, నీళ్లు పైకి తేలాయి. పైన రంగులేని నూనె తెట్టు. పంచదార గుమ్మరించాడు. చేసేదేమీ లేక ఇంకా గుమ్మరించాడు.

కప్పులు లోపలికెళ్లాయి. పెలెనాతో గుంజ చాటున నిలబడ్డాడు. మాటలు సాగుతూనే ఉన్నాయి, మధ్యలో ఒకచోట పల్చబడ్డాయి. ఒక పెద్దాయన గుటక వేసి, కప్పు కింద పెట్టి, మర్యాదగా దాన్ని చేత్తో కప్పాడు. తోమాసి తన కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు లోసా తలెత్తింది. ఆవిడకి మర్యాదలు తెలియవు.

"ఒరే పెలెనాతో! ఎక్కడున్నావురా? ఇటు రా!"

ఆయన వచ్చి చాప చివర కూర్చున్నాడు.

"ఏమిట్రా ఇది? గిన్నెలు కడిగిన నీళ్లా? ఇది నీదేనా?"

అంతా చూస్తున్నారు. పొట్లాలు పక్కనే ఉన్నాయి, ప్రతిదాని మీదా ఆయన మొహం. చెప్పడానికి రెండు మాటలు చాలు. అపెరిలా వెనక నుంచి చూస్తోంది. ఆయన నోరు తెరిచాడు. ఎదురుగా తండ్రి కనిపించాడో, దొరకని అన్న కనిపించాడో తెలియదు.

"నాదే లోసా. వయసైపోయింది. చేతులు ముందటిలా లేవు. సరిగా దంచలేకపోయాను" అన్నాడు.

లోసా ఆయన్ని ఎగాదిగా చూసింది. తిట్టడానికి కూడా మనసు రాలేదు. "నీ చెయ్యి పోయిందిరా" అంది, చచ్చిపోయిన మనిషి గురించి చెప్పినట్టు.

ఇంటికొచ్చాక, అపెరిలా ఎనోసా ఇచ్చిన గొడుగు తీసి పొయ్యిలో పెట్టింది.

వారం తిరక్కుండానే పెలెనాతో పడవెక్కి ఆపియా వెళ్లాడు. అక్క ఇంటి వెనక కార్ఖానా తలుపు తీసి ఉంది. ఒక గోడవారన వెన్న అచ్చులు పేర్చి ఉన్నాయి. లేతపసుపు రంగు, నున్నగా, సబ్బుల్లా తీర్చిదిద్దినట్టు. ఇంకో గోడవారన పిప్పి, ఇటుకల్లా ఎండిపోయి. పెలెనాతో ఒక ఇటుక చేతిలోకి తీసుకున్నాడు. తేలిగ్గా ఉంది. గోరు పెడితే దుమ్ము రాలింది. తండ్రి లేపి నిలబెట్టిన చెట్లు, తను దంచిన దంపుడు, ఇలా రెండు గోడలకి విడిపోయి ఉన్నాయి.

"మామయ్యా! చెప్పకుండా వచ్చావే? తిన్నావా?" అంటూ ఎనోసా వచ్చాడు.

"బాబూ, తోమాసి భార్య చావులో నీ కోకో కాచాను."

ఎనోసా మొహంలో ఏదో కదిలి పోయింది. "బాగా చక్కెర వెయ్యాల్సింది మామయ్యా. మనవాళ్లు చక్కెరే తాగుతారు, కోకో ఎవడు చూస్తాడు?"

"చూశారు."

"చూడు మామయ్యా. వెన్న అడిగేవాళ్లున్నారు. నేను పంపకపోతే ఇంకోడు పంపుతాడు. కాస్త నిలదొక్కుకోనీ, మళ్లీ మునపటిలా చేస్తా. నీ మీదొట్టు."

"నోరు కనిపెట్టేస్తుందని నువ్వే చెప్పావు కదా బాబూ."

ఎనోసా చూపు పక్కకి తిప్పాడు. కిటికీలో పెట్టిన చాక్లెట్ పలకలు ఎండ తగిలి వంగిపోయి ఉన్నాయి.

"అయితే ఒక్క పని చెయ్యి. నా బొమ్మ తీసెయ్యి. నీ సరుకు నీ ఇష్టం. నా మొహం మాత్రం తీసెయ్యి" అన్నాడు పెలెనాతో.

"బొమ్మ తీస్తే ఎవడు కొంటాడు మామయ్యా?"

అప్పుడు వలేలియా ఇంట్లోంచి వచ్చింది. కాళ్లు వాచి, గోడ పట్టుకుని నడుస్తోంది. ఆవిణ్ణి చూడగానే పెలెనాతో చేతిలో ఇటుక కింద పెట్టేశాడు, దొంగతనం చేస్తూ దొరికినట్టు.

"నా కొడుకుని మందలించడానికి వచ్చావా తమ్ముడూ?"

"లేదక్కా."

"మరి?"

"చూసి పోదామని."

"నాకు వాడొక్కడే. వాడికి అడ్డుపడకు. నేనెప్పుడూ నిన్నేమీ అడగలేదు, ఇదొక్కటే అడుగుతున్నా."

ఆవిడ చాలా అడిగింది, అన్నీ ఆయన ఇచ్చాడు. ఆ మాట ఆయన మనసులోకి కూడా రాలేదు. "సరే అక్కా" అన్నాడు. అక్క పెట్టిన అన్నం, డబ్బా మాంసం తిని, పొద్దుగూకేలోపు పడవెక్కాడు.

"అడిగావా?" అంది అపెరిలా.

"అక్క వచ్చింది."

"అడిగావా అంటున్నా."

ఆయన కాళ్లు కడుక్కుంటూ ఉండిపోయాడు.

"నీ అక్కకి తమ్ముడివి, నీ మేనల్లుడికి మామయ్యవి, నీ నాన్నకి కొడుకువి. నాకేమవుతావయ్యా? ఆ ఖాళీ బుట్ట మొయ్యడానికి తోడా?" అందావిడ.

కొబ్బరినూనె కలిసిన చాక్లెట్ ఎన్నాళ్లు దాగుతుంది? ఆక్లండు కొట్లలో పలకల మీద బూజు పట్టినట్టు తెల్లటి మచ్చలు లేచాయి. కొరికితే మైనం, మింగితే సబ్బు. కొట్లవాళ్లు పెట్టెలకి పెట్టెలు వెనక్కి పంపారు. ఆపియాలో ఆ సంగతి పొక్కింది. రేడియోవాళ్లు ఎనోసాని పిలిచి అడిగారు.

ఫాంగసీనాలో ఆ పొద్దున చాలామంది కొట్టు దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నారు. రేడియో కొట్టువాడి కిటికీలో ఉంది. పెలెనాతో కిరసనాయిలు సీసా పట్టుకుని వచ్చేసరికి మేనల్లుడి గొంతు వినిపించింది. గుర్తుపట్టి, ముందు సంతోషంగానే ఆగాడు.

"మా తప్పేమీ లేదండీ. మా మామయ్య పాతకాలం మనిషి. చెట్లు ముసలివైపోయాయి, గింజల్లో వెన్న పోయింది. ఆయన మాకు చెప్పలేదు. పెద్దాయన కదా అని నమ్మాం" అంటున్నాడు ఎనోసా.

కొట్టువాడు చెయ్యి చాపి రేడియో ఆపాడు. ఆపకుండా ఉంటే బాగుండేది. ఆ నిశ్శబ్దంలో అందరూ పెలెనాతో వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడ్డారు. ఒకాయన రోడ్డు వైపు తిరిగి, బస్సు ఇంకా రాలేదేమని తనలో తను అనుకున్నాడు. పెలెనాతో సీసా నింపించుకుని, "అవును, చెట్లు ముసలివే" అని ఎవరూ అడక్కుండానే చెప్పి వెళ్లిపోయాడు.

అపెరిలా ఆ సాయంత్రం బట్టలు మూటకట్టుకుంది. ఆపియా వెళ్లి రేడియోవాళ్లకే చెప్తానంది. పెలెనాతో గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడకి అడ్డుపడటం అదే మొదలు.

"వద్దు. వాడు ఏడిస్తే మనకి మంచిది కాదు."

"మనకిక పోవడానికి ఏముందయ్యా? పిల్లే పోయింది!"

ఆయన గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. తర్వాత ఆవిడ మూట తీసుకుని ఆపియా వెళ్లలేదు, పక్క ఊళ్లో అన్నగారింటికి వెళ్లింది. పడవ పందేల పండగ కూడా అక్కడే గడిపింది. మళ్లీ ఎందుకొచ్చిందో చెప్పలేదు. ఒకరోజు పెలెనాతో తోటలోంచి వచ్చేసరికి వంటపాకలో దుంపలు ఒలుస్తూ కనిపించింది. అంతే. మునపటిలా దెప్పడం మానేసింది. ఆయనకి అదే ఎక్కువ బాధయింది.

అపెరిలా అన్నగారింట్లో ఉన్నప్పుడే లోసా పోయింది. ఎవరూ పరుగెత్తుకు రాలేదు. గుడిగంట విని తెలుసుకున్నాడు. కిందటి కోతలో మిగిలిన గింజలు కాసిని ఉంటే వేయించి, చప్పుడు మారేదాకా దంచి, ఇంకా దంచి, గిన్నెలో పెట్టుకుని పట్టుకెళ్లాడు. ముద్ద అద్దంలా ఉంది. లోసా పెద్దకొడుకు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఎందుకన్నా శ్రమపడ్డావు? ఈ వయసులో. మేం టీ పెట్టుకున్నాంలే."

"కొంచెం రుచి చూడు" అన్నాడు పెలెనాతో.

"చూస్తాం, చూస్తాం. అక్కడ పెట్టు."

గిన్నె గుంజ దగ్గర పెట్టాడు. ప్రార్థనలు అయ్యాయి, టీ వచ్చింది, జనం తాగారు, వెళ్లారు. గిన్నె మీద ఆకు ఎవరూ తియ్యలేదు. సాయంత్రం తనే తెచ్చుకున్నాడు. ఇంటికి చేరాక అది ఏం చేశాడో ఎవరికీ తెలియదు.

ఎనోసా కార్ఖానాకి తాళం వేసి, యంత్రాలు అమ్మి, ఆక్లండు తిరిగి వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఆ రేడియో మాట మనసులో పెట్టుకోకు. అప్పుడలా అనాల్సొచ్చింది. తర్వాత అన్నీ సర్దుతా" అన్నాడు. "జాగ్రత్త బాబూ. చలికి గుడ్డలు పట్టుకెళ్లు" అన్నాడు పెలెనాతో. ఆ తర్వాత ఫోన్ రాలేదు.

వలేలియాని చూసుకునేవాళ్లు లేక తమ్ముడే తెచ్చుకున్నాడు. చక్కెర జబ్బుతో ఒక పాదం తీసేశారు. ఉన్న ఒక్క మంచం ఆవిడకిచ్చి, మొగుడూ పెళ్లాం చాప మీద పడుకునేవాళ్లు. పొద్దున్నే ఆవిణ్ణి ఎత్తి నీళ్ల దగ్గరికి మోసుకెళ్లేది అపెరిలాయే. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ వలేలియా కొడుకు ఫోటో చూపించేది. "మా వాడు బంగారం. సరుకు మంచిది దొరక్క దెబ్బతిన్నాడు" అనేది. పక్కనే పెలెనాతో ఈగలు తోలుతూ కూర్చునేవాడు. చెప్పలేని మాట ఒకసారి ఆగితే మళ్లీ దానికి సమయం రాదు. అక్క ఆ మాట నిజంగానే నమ్ముతోందని, చెప్పినా ఇక నమ్మదని ఆయనకి తెలిసిపోయింది.

తోటలో నల్లకుళ్లు దిగింది. కుళ్లిన కాయలు ఎప్పటికప్పుడు కోసేసి దూరంగా పాతిపెట్టాలి. మొదట్లో కోశాడు. తర్వాత కొన్నాళ్లు వెళ్లలేదు. వెళ్లేసరికి సగం చెట్లకి కాయలు బొగ్గుల్లా వేలాడుతున్నాయి. కత్తి తీసుకుని చెట్లే నరికేశాడు. తండ్రి పెట్టిన కొబ్బరి దుంగలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయిగాని, వంకర తిరిగిన మాను మాత్రం నరికేటప్పుడు ఇనుములా మొండికేసింది. ఆ చోట చేమ వేశాడు.

ఆ మరుసటేడు కొండకింద వాళ్లింట్లో బిడ్డకి బాప్తిస్మం. పెలెనాతో, అపెరిలా వెళ్లి వెనక వరసలో కూర్చున్నారు. వడ్డిస్తున్న పిల్ల ఆ ఇంటి కొత్తకోడలు, ఆపియా ఉన్న ఉపోలు దీవి నుంచి వచ్చింది. ఊళ్లో ఎవరినీ ఇంకా ఎరగదు. చలాకీగా, ఒక్కొక్కరినీ పలకరిస్తూ సూపు పోసుకుంటూ వచ్చింది.

"తాతయ్యా, ఏమనుకోకండి. సూపు ఇవాళ ఉత్త పెలెనాతో. జనం ఎక్కువయ్యారని మా అత్త నీళ్లు కలిపింది" అని గుసగుసగా చెప్పి నవ్వింది.

పెలెనాతో ఆ పిల్ల మొహంలోకి చూశాడు. వెక్కిరింత లేదు. అది ఆ పిల్లకి మనిషి పేరని కూడా తెలియదు. పల్చటి దానికి, పసలేనిదానికి ఈ దీవిలో అలా అంటారని వచ్చాక నేర్చుకుంది. పక్కన ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు విని, గబగబా తమ పళ్లాల్లోకి తల దించారు. ఆ దించడంలోనే తెలిసింది ఆయనకి, ఇది కొత్త మాట కాదని, వాళ్లూ అంటూనే ఉంటారని, తన ముందు మాత్రమే ఆపుతారని.

"బాగుందమ్మా సూపు" అన్నాడు.

"మీ పేరేంటి తాతయ్యా? ఎవరెవరొచ్చారో అత్తకి చెప్పాలి."

ఆయన చెంచా కింద పెట్టాడు. అపెరిలా ఆయనవైపు తిరిగింది. చెప్తాడనే అనుకుంది. నవ్వుతూ చెప్తే ఆ పిల్ల నాలిక కరుచుకుని క్షమించమనేది, అందరూ నవ్వేవాళ్లు, ఏదో కొంచెం తేలికయ్యేది.

"సిలివా" అన్నాడాయన. అది ఆయన తండ్రి పేరు కాదు, అన్న పేరు కాదు. ఊళ్లో ఆ పేరుతో ఎవరూ లేరు.

"సిలివా తాతయ్య" అని ఆ పిల్ల గుర్తుపెట్టుకుంటూ ముందుకెళ్లింది.

ఇంటికి వచ్చే దారి సముద్రం పక్కనే. కెరటాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అపెరిలా మోకాళ్ల నొప్పితో మెల్లగా నడుస్తోంది, ఆయన ఆవిడకోసం ఆగుతూ నడుస్తున్నాడు. సగం దారిలో ఆవిడ నిలబడిపోయింది.

"రేపు నేను పోతే, రాతి మీద ఎవరి పెళ్లాన్నని రాయిస్తావయ్యా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది.

ఆవిడ జవాబు కోసం కాసేపు చూసింది. తర్వాత ఆయన్ని దాటుకుని ముందుకి నడిచింది. ఇంటి దగ్గరికి వస్తుండగానే లోపలి నుంచి వలేలియా పిలుస్తోంది. ఆకలేస్తోందట. ఇంతసేపు ఎక్కడున్నారని అడుగుతోంది. "వస్తున్నా అక్కా" అని పెలెనాతో అడుగులు గబగబా వేశాడు.